ఇంజనులో లోపము: ఎవరి కెప్పుడు తెలిసినది?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో తాను అమ్మిన సొనాటా కార్లను హ్యుందాయ్ కంపెనీ 2015 సెప్టెంబరు నెలలో సుమారు 4,70,000 వరకు వెనుకకు పిలిపించెను. అవి 2011, 2012 మోడళ్లకు చెందినవి. అలబామా రాష్ట్రమందలి కర్మాగారమున తయారైన ఇంజన్లు కలవి. క్రాంక్ షాఫ్టులో నూనె ప్రవహించు సన్నని మార్గములను తొలిచినపుడు మిగిలిన లోహపు రజను పూర్తిగా తొలగిపోలేదనియు, అందువలన నడుచుచున్న ఇంజను ఆగిపోవచ్చుననియు కంపెనీ ప్రకటించెను. కారు యజమానులలో అనేకులకు ఇది క్రొత్త వార్త కాదు. నడిదారిలో బండి ఆగిపోయి, ఆ సంగతిని ప్రభుత్వమునకు వ్రాసికొన్నవారు అప్పటికే ఉన్నారు.

లోపము స్వభావము తెలిసికొనుటకు గొప్ప యంత్రశాస్త్రము అక్కరలేదు. పాఠశాలలో చదివిన ఘర్షణ పాఠము చాలును. పిస్టను పైకిని క్రిందికిని ఆడును. ఆ ఆటను కనెక్టింగ్ రాడ్డు అందుకొని క్రాంక్ షాఫ్టును త్రిప్పును. ఈ రెండును కలియుచోట బేరింగు ఉండును. చక్కగా నడుచు ఇంజనులో అచ్చట లోహమును లోహము తాకదు. నడుమ నున్న పలుచని నూనెపొరయే ఆ ఒత్తిడి నంతను మోయును. రజను అడ్డుపడి నూనె అందకపోయెనా, పొర తెగును, బేరింగు అరుగును. మొదట టకటకమను చప్పుడు. పిమ్మట ఇంజను పట్టివేయును. ఒక్కొక్కప్పుడు విరిగిన రాడ్డు ఇంజను గోడను చీల్చుకొని వెలికి వచ్చును. కాగిన నూనె వేడి గొట్టములపై పడి మంట లేచును.

వివాద మంతయు ఆ చప్పుడు చుట్టునే తిరిగినది. చప్పుడు ముందుగా వినవచ్చును గనుక యజమానులు బండిని మరమ్మతుశాలకు తెచ్చుకొనుచున్నారనియు, కావున ఇది భద్రతకు సంబంధించిన లోపము కాదనియు కంపెనీ తొలుత భావించెను. వేగముగా పోవునపుడు బండి ఆగిపోయిన యెడల ఏమగునని జాతీయ రాజమార్గ రవాణా భద్రతా సంస్థ ఆందోళన వెలిబుచ్చిన మీదటనే కార్లను పిలిపించెను. కాగితముపై కంపెనీ వాదము సబబుగనే కనబడును. కాని చప్పుడును బట్టి జబ్బును పోల్చుట మెకానిక్కు విద్య. పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొని, అద్దములు బిగించుకొని, గంటకు నూరు కిలోమీటర్ల వేగమున పోవు తల్లికి ఆ టకటక వినబడుననియు, విని ఆమె అర్థము చేసికొనుననియు అనుకొనుట న్యాయము కాదు. తరువాత కంపెనీయే ఆ చప్పుడును పసిగట్టి హెచ్చరించు సాఫ్టువేరును ఈ కార్లలో అమర్చ నారంభించినది. మనుష్యుని చెవి చాలదని తానే ఒప్పుకొన్నట్లయినది.

వారంటీ క్రింద మరమ్మతు చేయించుకొనుట వేరు, రీకాల్ వేరు. వారంటీలో యజమాని ఒంటరి. గడువు దాటలేదని అతడు చూపవలెను. సకాలమున నూనె మార్పించినట్లు రసీదులు తేవలెను. లేనిచో తప్పు అతని నిర్లక్ష్యము మీదికి పోవును. లక్షల మందికి ఒకే లోపము కలిగినను ఎవరికి వారు అది తమ ప్రారబ్ధమనియే తలచుచుందురు. రీకాల్ జాబుతో ఆ ప్రారబ్ధము హక్కుగా మారును. బండిని రెండవచేతి బేరమున కొన్నవానికి గూడ మరమ్మతు ఉచితము. అమెరికాలో ఈ హక్కునకు మూలము 1966 నాటి వాహన భద్రతా చట్టము. రాల్ఫ్ నేడర్ కార్ల లోపములను బయటపెట్టుచు గ్రంథము ప్రకటించిన మరుసటి ఏటనే అది వచ్చినది. తరువాతి సవరణలతో బలపడినది. భద్రతాలోపమున్నదని నిర్ణయించిన ఐదు పనిదినములలో కంపెనీ ప్రభుత్వమునకు తెలుపవలెను. ఇంత ఖచ్చితమైన నిబంధనలో ఒక సందు కలదు: నిర్ణయించువాడు కంపెనీయే.

ఈ సందును బయటపెట్టినవాడు కంపెనీలో ఇరువదియారేండ్లు పనిచేసిన కొరియా ఇంజనీరు కిమ్ క్వాంగ్ హో. రీకాల్ పరిధి చాలదని 2016లో అతడు వాషింగ్టను వెళ్లి భద్రతా సంస్థకు పత్రములు సమర్పించెను. ఆ యేడే కంపెనీ అతనిని ఉద్యోగమునుండి తొలగించెను. 2017 మార్చిలో హ్యుందాయ్, అదే జాతి ఇంజనును వాడిన కియాయు కలిసి మరి పన్నెండు లక్షల కార్లను పిలిపించినవి. కియా యజమానులకు ఏడాదిన్నర ఆలస్యముగా జాబు అందినదన్నమాట! ఢీకొనకయే కార్లు తగులబడుచున్నవని 2018లో వాహన భద్రతా కేంద్రమను వినియోగదారుల సంఘము అర్జీ పెట్టి, 29 లక్షల కార్లను పిలిపింపవలెనని కోరినది.

2020 నవంబరులో రెండు కంపెనీలును భద్రతా సంస్థతో ఒడంబడిక చేసికొన్నవి. జరిమానా మొత్తము 21 కోట్ల డాలర్లు. అందులో వెంటనే చెల్లింపవలసినది 8.1 కోట్లు. లోపమును తెలిపినవానికి వసూలైన దానిలో 30 శాతము వరకు ఈయవచ్చునని చట్టము. 2021లో కిమ్‌నకు 2.4 కోట్ల డాలర్లకు పైగా ముట్టినది.

పెనుకొండ వద్ద 2019లో కియా కర్మాగారము వెలసినందున తెలుగువారికి ఈ పేరు పరిచితమే. ఇంజను కథ అలబామాకును కొరియాకును చెందినదే గాని పెనుకొండది కాదు. అయినను చట్టము ప్రశ్న మనకును ఉన్నది. చాలకాలము మన దేశమున రీకాల్ కంపెనీల ఇష్టము. 2019 మోటారు వాహనముల సవరణ చట్టము కేంద్రప్రభుత్వమునకు ఆ అధికారము నిచ్చినది. నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినవి. నిర్ణీత సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేసినను, పరీక్షాసంస్థ నివేదించినను ప్రభుత్వము రీకాల్‌కు ఆజ్ఞాపింపవచ్చును. కాని ఈ నియమములు ఏడేండ్లలోపు బండ్లకే వర్తించును. అమెరికాలో ఉచిత మరమ్మతునకు గడువు పదునైదేండ్లు. 2011 మోడలు సొనాటాకు 2020 నాటి ఒడంబడిక కుదురునప్పటికి తొమ్మిదేండ్లు నిండినవి.