ఊపిరికి కొలత

బాలలూ! నీళ్ల తొట్టిలో బిందె బోర్లించి, దాని కిందికి గొట్టంతో గాలి ఊదితే ఏమవుతుంది? బిందె పైకి లేస్తుంది. ఎంత లేచిందో చూస్తే, ఎంత ఊదామో తెలిసిపోతుంది. లండనులో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు ఇలాంటి యంత్రంతోనే రెండువేలమందికి పైగా ఊపిరి కొలిచి, ఆ సంగతులు 1846లో ప్రకటించాడు. సిపాయిలు, నావికులు, మల్లులు, ఆఖరికి మరుగుజ్జులు కూడా వచ్చి ఊదారు! మనిషి అంగుళం పొడుగైతే 8 ఘనపుటంగుళాల గాలి ఎక్కువ పడుతుందని తేల్చాడు. ఆ కొలత బాగా తగ్గినవాడికి ఆయుర్దాయం కూడా తగ్గుతుందని ఊహించాడు. తరువాతి పరిశోధకులు ఆ మాట నిజమేనన్నారు.

ఇప్పుడు మొదటి సెకనులో ఎంత గాలి వదిలామో కూడా చూస్తారు. ఆరోగ్యవంతుడు ముప్పాతిక వంతు ఆ ఒక్క సెకనులోనే వదిలేస్తాడు. ఏళ్లతరబడి చుట్టపొగో, పిడకల పొయ్యి పొగో పీల్చినవారికి లోపలి గాలిగొట్టాలు ఇరుకవుతాయి. ఊపిరి బయటికి రావడానికే ఆలస్యం!

మీ మేష్టారు ముప్పై ఏళ్లు చుట్ట కాల్చిన ఘనుడు. పరీక్షలో నాకు సగమే వచ్చింది. ఆ రోజే చుట్ట మానేశాను. పోయిన ఊపిరి తిరిగి రాదనీ, ఇకమీద తరుగుదల మాత్రం నెమ్మదిస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. అప్పటినుంచి ఏటేటా వెళ్లి ఊదివస్తున్నాను. మొన్న చూస్తే అంకె నిరుడు ఉన్నచోటనే ఉంది.