ప్లాటుకు మజ్‌హబ్ లేదు, ఫ్లాటుకుంది

బాపట్ల వైపు ప్లాట్లమ్మే కుర్రాడు వారానికి రెండుసార్లు నాకు ఫోన్ చేస్తాడు. "సాయిబుగారూ, సూర్యలంక బీచికి పావుగంట. ఇప్పుడు తీసుకుంటే రేపు మీ పిల్లలు దువా చేస్తారు." దువా అనే మాట కూడా నేర్చుకున్నాడు, మాషా అల్లా. నా పేరు గానీ, నా గడ్డం గానీ, నా ఇంట్లో వండే కూర గానీ అతనికి అడ్డం రాలేదు. అతని సవాల్ ఒక్కటే: బయానా ఎంతిస్తారు?

అదే నెలలో తెనాలిలో ఒక అపార్ట్‌మెంటుకి వెళ్ళాను. రేటు, అంతస్తు, కారు పార్కింగు అన్నీ ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. నా తెలుగు విని ఆయన నన్ను మరెవరో అనుకున్నాడు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన పాపం అది. ఎదురుగా కూర్చుని పేరు చెప్పేసరికి ఆ ఫ్లాటు అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. పై అంతస్తుదీ అంతే. "నాకేం లేదండీ, మిగతా ఓనర్లంతా వెజిటేరియన్లు" అన్నాడు. ఆదివారం పొద్దున తెనాలి మటన్ కొట్ల ముందు నిలబడేవాళ్ళంతా నా బిరాదరీయేనా మరి?

పెట్టుబడికి కొనే జాగా ఎవరికైనా అమ్ముతారు. బతకడానికి కొనే మకానుకు మాత్రం మజ్‌హబ్ అడుగుతారు. పదేళ్ళుగా మా ఊళ్ళ మార్కెట్‌లో వచ్చిన అసలు మార్పు ఇదే. రేటు పెరిగిందా తగ్గిందా అని రాసే మా పత్రికలవాళ్ళం, నాతో సహా, దీన్ని రాయలేదు.

2014లో రాజధాని ఇటొస్తుందనగానే తెనాలి భూమికి రెక్కలొచ్చాయి. 2015 అక్టోబర్ 22న అమరావతికి శంకుస్థాపన, 2019 చివర్లో మూడు రాజధానుల మాట, 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ హుషారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె అందులోకి పోయింది, తెనాలి గుంటూరులోనే మిగిలింది. హైదరాబాద్ నుంచి శనివారం కార్లలో దిగేవాళ్ళ కోసం సముద్రం పక్కన రిసార్టులు, వాటిని చూపించి వెంచర్లు. ఊళ్ళోనేమో పాత పెంకుటిళ్ళు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు. పెంకుటిల్లు అమ్మినప్పుడు అమ్మేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు. అపార్ట్‌మెంట్‌లో పదిహేను మంది పడోసీలు కలిసి పదహారోవాడిని ఎంచుకుంటారు.

అబ్బా మా ఇల్లు కొన్నప్పుడు అమ్మినాయన హిందువు. దస్తావేజు అయిన సాయంత్రం కొత్త తాళం కొనుక్కొచ్చి అబ్బా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ జమానా జన్నత్ అని మాత్రం నేననను. అదే గల్లీలో మాల మాదిగలకు ఎవరూ ఇల్లమ్మలేదు, మావాళ్ళూ అమ్మలేదు. ఫ్లాటు సంగతి చెబితే చుండూరు వైపు దళిత దోస్తు ఒకాయన నవ్వాడు. "మీకిప్పుడు మొదలైందా భాయ్?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

ఆ దస్తావేజు తీసి చూశాను మొన్న. ఖరీదు, హద్దులు, జిరాయితీ, రసీదు. సగం మాటలు మా భాష నుంచి వచ్చినవే. మా మాటలు లేకుండా ఈ దేశంలో ఇల్లు అమ్మలేరు, మా పేరుంటే అమ్మరు!

కానూన్ ఏమంటుందో చూద్దాం. మా ఫిఖ్‌లో షుఫా అని ఒక హక్కుంది. పక్కిల్లు అమ్మకానికొస్తే ముందు పడోసీకే కొనే అవకాశం. దేశంలో కొన్నిచోట్ల చట్టంగానూ నడిచింది. పొరుగువాడన్న ఒక్క కారణంతో ఇచ్చే ఆ హక్కును 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పరాయి మతంవాడు, పరాయి కులంవాడు పక్కన చేరకుండా ఆపడానికే అది పనికొస్తుందని. సరైన ఫైసలా, మా హక్కు పోయినా సరే. అదే కోర్టు 2005లో అహ్మదాబాద్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, తమవాళ్ళకే సభ్యత్వమన్న నియమం చెల్లుతుందంది. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాను లెక్కగట్టి చెబుతుంది గానీ, కొనేవాడి మతం అడిగితే బిల్డర్‌కు సజా ఏమిటో చెప్పదు. అమెరికా ఇళ్ళ అమ్మకంలో ఈ వివక్షను 1968లోనే నేరంగా కాకపోయినా కానూన్‌కు విరుద్ధం చేసింది. డల్లాస్‌లో ఆ చట్టం నీడన ఇల్లు కొనుక్కున్న మనవాడే తెనాలి ఫ్లాటు ఓనరై, ఇక్కడ నా పేరు చూసి తల అడ్డంగా ఊపుతాడు.

ఇక మన మాట. "మన మొహల్లాలో మనం ఉంటే పోలా" అనే పెద్దలకు సలాం. కానీ మొహల్లాలో ఏముంది? అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన అర సెంటు, దానికి సరైన కాగితం లేదు, కాగితం లేక బ్యాంకు లోన్ లేదు. ఉన్నా సూద్ హరామని తీసుకోం. ఆ మాటను నేనూ ఎగతాళి చెయ్యను. కానీ సూద్‌కు భయపడే మనం బేటీ షాదీకి బిర్యానీ దేగ్‌ల కోసం అప్పు తెచ్చినప్పుడు ఆ ఫత్వా ఎక్కడ దాక్కుంటుంది? పైగా మొహల్లాలో ఇంకో ముస్లింకే అమ్మాలనే జమాత్‌కీ, వెజిటేరియన్ ఓనర్లకీ ఫరక్ ఏమిటి?

నిన్న మళ్ళీ ప్లాట్ల కుర్రాడు ఫోన్ చేశాడు. ఆ వెంచర్‌లో ఎవరైనా ఇల్లు కట్టుకున్నారా అని అడిగాను.

"ఎవరుంటారు సాయిబుగారూ అక్కడ? రేటొచ్చాక అమ్మేసుకోడమేగా."

నాకు ఉండటానికి ఇల్లు కావాలన్నాను.

"అయితే తెనాల్లో చూసుకోండి" అన్నాడు.