ధారపోసిన ఇంటిలో విక్రేతకు మిగిలేదేమి?

గోదావరి మండలాలలో మండువా లోగిళ్లు ఒక్కొక్కటిగా చేతులు మారుతున్నాయి. సంతానం హైదరాబాదులోనో విదేశాలలోనో స్థిరపడుతుంది. వృద్ధదంపతులు కాలం చేస్తారు. తాళం పడిన ఇల్లు రెండు మూడు వర్షాకాలాలకే కారడం మొదలుపెడుతుంది. విక్రయం అనివార్యమై, ధర కుదిరి, బయానా ముట్టిన తరువాత అసలు ధర్మసందేహం తలెత్తుతుంది. తాతగారు చెక్కించిన టేకు సింహద్వారాన్ని విప్పి తీసుకొనిపోవచ్చునా? దేవతార్చన మందిరం ఎవరిది? పెరటిలోని తులసికోట మాటేమిటి? ఈ ప్రశ్నలు బేరసారాలకు సంబంధించినవిగా కనిపించినా, వాటి మూలం మమకారంలో ఉన్నది.

ప్రాచీనులు స్థావర విక్రయాన్ని సామాన్య వర్తకంగా భావించలేదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు ఈ విషయాన్ని విశదంగా చర్చించాడు. భూమి చేతులు మారేటప్పుడు గ్రామస్థులకు, జ్ఞాతులకు, ఇరుగుపొరుగువారికి, దాయాదులకు తెలిసి జరగాలి. హిరణ్యంతో పాటు ఉదకాన్ని కూడా ఇవ్వాలి. భూవిక్రయం నింద్యమనీ, భూదానం ప్రశస్తమనీ శాస్త్రం చెబుతున్నందున, అమ్మకాన్ని సైతం దానరూపంలోనే నిర్వర్తించాలని ఆయన ఆశయం. ధనం పుచ్చుకుంటూనే ధారపోయడం! ఆధునికునికి ఇది విడ్డూరంగా తోచవచ్చు. కాని ఇందులోని భావం గంభీరమైనది. ధారపోసిన వస్తువులో ఒక భాగాన్ని రహస్యంగా వెనుకకు తీసుకోవడం దత్తాపహారమే అవుతుంది. సొమ్ము ముట్టినంత మాత్రాన ఆ దోషం తగ్గదు.

మన దస్తావేజులలో ఆ భావం నేటికీ సజీవంగా ఉన్నది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలతో సహా ఆస్తిని అప్పగిస్తున్నామని దస్తావేజు లేఖరులు శాసనకాలపు పరిభాషలోనే వ్రాస్తూ వస్తున్నారు. సంతకం చేసేవారిలో ఎందరు దానిని చదువుతారో చెప్పడం కష్టం. చదివినవాడు పెరటి కొబ్బరిమొక్కలను రిజిస్ట్రేషను ముందురోజు రాత్రి పెకలించుకొనిపోడు. అన్నట్టు, నిధి అనే మాట నేడు అలంకారప్రాయమే. భూమిలో దొరికిన నిధిని గూర్చి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం శాసిస్తున్నది. కొన్న పొలంలో బంగారం బయటపడితే, అది నాది కాదని కొన్నవాడూ, నాది అంతకన్నా కాదని అమ్మినవాడూ ధర్మరాజు ఎదుట వాదించుకున్నారనీ, కలి ప్రవేశించగానే వారే నాదంటే నాదని కలహించారనీ ప్రవచనకారులు చెప్పే కథ సుప్రసిద్ధమే.

లౌకిక న్యాయం కూడా ఈ దారికి దూరంగా లేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 8వ సెక్షను ప్రకారం, వేరుగా అనుకోని పక్షంలో, ఇంటితో పాటు తాళాలు, తాళపుచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, దాని శాశ్వతోపయోగానికి అమర్చిన ఇతర వస్తువులు కొనుగోలుదారునికి సంక్రమిస్తాయి. నేలలో వేరూనిన వృక్షాలు, నేలలో పాతుకున్న గోడలు, ఆ గోడల శాశ్వత ప్రయోజనం కోసం వాటికి బిగించినవి — వీటిని భూసంలగ్నాలుగా 3వ సెక్షను నిర్వచిస్తుంది. ఇక్కడ ప్రయోజనం అనే పదమే కీలకం. వస్తువు ఎంత గట్టిగా బిగించబడినదన్న దానికన్నా, ఎవరి ఉపయోగానికి బిగించబడినదన్నదే విచార్యం. గోడ బీరువా ఇంటి కోసం పుట్టింది, దానిని వదలాలి. గోడకు తగిలించిన పితరుల చిత్రపటం కుటుంబం కోసం ఉన్నది. అది కుటుంబంతో పోతుంది. బావి మోటారు లేనిదే ఇంటికి నీరు లేదు గనుక అది ఇంటిదే. సీలింగు ఫ్యాను విషయంలో వివాదం సహజం. ముందే ఒక మాట అనుకుంటే సరిపోతుంది.

ఈ కొలతతో చూస్తే సింహద్వారం ఇంటిదే. పసుపుకుంకుమలతో అర్చించిన గడపా, దానిపై నిలిచిన ద్వారబంధమూ గృహానికి ముఖస్థానాలు. అది వస్తువు కాదు, తాతగారి జ్ఞాపకమని కొందరు వాదిస్తారు. జ్ఞాపకం నిజమే. అయితే ఆ జ్ఞాపకం ధర నిర్ణయించకముందే గుర్తుకు రావాలి. ద్వారం మాకు కావాలి, దాని బదులు మరొకటి పెట్టిస్తామని బేరానికి ముందే చెప్పి, ఒప్పందంలో వ్రాయించినవానిని ఎవరూ తప్పుపట్టరు. పూర్తి ధర పుచ్చుకొని, తాళాలు అప్పగించే ముందు వడ్రంగిని పిలిపించేవాడు ఇంటిని అమ్ముతూనే అమ్మకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నాడు. వేదాంతం మమకారమని పేర్కొనేది సరిగ్గా ఈ స్థితినే.

దేవతామూర్తుల విషయం మరింత సున్నితమైనది. నిత్యార్చనలోని విగ్రహాలు, సాలగ్రామాలు చలమూర్తులు. అవి కుటుంబంతో కదలిపోవలసినవి. వాటిని పాత సామానుతో పాటు వదలిపోవడమే అపచారం. పెరటిలో రావి–వేప చెట్ల క్రింద నాగప్రతిష్ఠ జరిగి ఉంటే అది అచలం, అక్కడే ఉంటుంది. అయితే కొనేవారు దానిని ఆరాధిస్తారో లేదో ముందుగానే విచారించాలి. ఆరాధించరని తేలితే, పురోహితుని సంప్రదించి, కళాకర్షణాది విధులతో మూర్తిని వేరొక చోటికి చేర్చే బాధ్యత అమ్మేవారిదే. ఆ భారాన్ని అపరిచితునిపై మోపి, తరువాత అపచారం జరిగిందని వాపోవడం తగదు. తులసి సంగతి తేలిక. కోట ఇంటిది, మొక్క కూడా ఇంటిదే. నాలుగు వెన్నులు దులుపుకొని గింజలు తీసుకొనిపోతే, ఏ అపార్ట్‌మెంటు బాల్కనీలోనైనా ఆ వంశపు తులసి మళ్లీ మొలుస్తుంది.

కొనుగోలుదారునికీ ఒక ధర్మం ఉన్నది. పాత ఇళ్ల అటకలపై తాళపత్ర గ్రంథాలు, చేతివ్రాత జాతకచక్రాలు, తద్దినపు తిథులు వ్రాసుకున్న పుస్తకాలు మరుగున పడి ఉంటాయి. అవి ఇంటి శాశ్వతోపయోగానికి అమర్చినవి కావు. అష్టభోగాల మాటున వాటిని స్వాధీనం చేసుకోవడం న్యాయం కాదు. గృహప్రవేశానికి ముందు అటక శుభ్రం చేయించేటప్పుడు, ఆ కట్టలను తూకానికి వేయకుండా, అమ్మినవారికి ఫోను చేసి, వారు వచ్చి తీసుకొనిపోయేవరకు తడి తగలని చోట భద్రపరచాలి.