త్రాసు ముల్లు ఎటు మొగ్గినా

“ఉస్తాద్, శాస్త్రజ్ఞులు ఇప్పుడు కనుగొన్న ఫలానా సంఖ్య ఖుర్ఆన్‌లో ముందే ఉందట, నిజమేనా?” అని పిల్లలు ఫోన్ చూపించి అడుగుతుంటారు. అవునంటే వారి ఈమాన్ బలపడుతుందని తల్లిదండ్రుల ఆశ. నేను అవుననను. ఎందుకో చెప్పడానికి ఒక్క సంఖ్య చాలు.

కాంతికీ, విద్యుదావేశం గల కణాలకూ మధ్య ఉన్న బంధం ఎంత బలమైనదో తెలిపే స్థిరాంకం ఒకటుంది. దాని విలోమం దాదాపు 137. దీనిని నేడు పరమాణువులతో కూడా కొలుస్తున్నారు. లేజర్ కాంతితో వాటిని పరమశూన్య ఉష్ణోగ్రత దరిదాపులకు చల్లబరుస్తారు. పరమాణువుకు అల స్వభావం కూడా ఉంది. కాబట్టి కాంతి తాకిడితో దానిని ఒకేసారి రెండు దారుల్లోకి మళ్ళించి, తిరిగి కలుపుతారు. చెరువులో రెండు అలలు కలిసినట్లే ఇవీ ఒకచోట పొంగి, మరొకచోట అణగుతాయి. కాంతి తగిలినప్పుడు పరమాణువు పొందిన అతి స్వల్పమైన తోపుడు ఆ కలయికలో బయటపడుతుంది. సంఖ్యను గణించేది దాని నుండే.

2018లో అమెరికాలోని బర్క్‌లీ పరిశోధకులు సీజియం పరమాణువులతో కొలిచి 137.035999046 అన్నారు. 2020లో పారిస్ బృందం రుబీడియంతో కొలిచి 137.035999206 అన్నది. మొదటి తొమ్మిది అంకెలు ఒకటే. మన దృష్టిలో అది వెంట్రుకవాసి తేడా కూడా కాదు. కాని తమ కొలత ఇంతవరకు అటూ ఇటూ కావచ్చునని ఇరుపక్షాలూ ప్రకటించిన హద్దులను ఆ తేడా ఎంతో దాటిపోయింది.

మొదటి విలువను ఏదో ఒక ఆయతుకు ముడివేసి ప్రచారం చేసి ఉంటే, రెండో విలువ వెలువడిన రోజున ఆ పిల్లలకు ఏమని చెప్పేవాళ్ళం? పరికరాన్ని సరిదిద్దుకోవచ్చు. అల్లాహ్ వాక్కుకు మనం తగిలించిన అర్థాన్ని పసి మనసులోంచి ఎలా తొలగిస్తాం? అప్పుడు వాడు శంకించేది మన తెలివిని కాదు, గ్రంథాన్ని.

తూకంలో న్యాయం పాటించమని సూరా రహ్మాన్ ఆదేశిస్తోంది. 1121 ప్రాంతంలో మర్వ్ నగరంలో అల్ ఖాజినీ రచించిన ‘మీజానుల్ హిక్మా’లో, నీటిలో తూచి బంగారంలోని కల్తీని పట్టే త్రాసు వర్ణన ఉంది. ఆ ఆదేశానికి తగిన శ్రమ అంటే నా దృష్టిలో అది.

పారిస్ బృందం మరొకటి కూడా చేసింది. 2011లో తాము ప్రకటించిన విలువతో సైతం కొత్త విలువ సరిగా పొసగడం లేదని తమ పత్రంలో తామే రాసుకున్నారు.