దాపట ఏది, ఎలపట ఏది?

సైన్సు మనిషికి రెక్కలిచ్చిందని ప్రతి ఏటా ఇటువంటి సంచికల్లో ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఆ మాట అబద్ధమని నేననను. అయితే రెక్కలు వచ్చినంత మాత్రాన సరిపోతుందా? ఆ రెక్కల్లో కుడిదేదో, ఎడమదేదో ఎగరేసేవానికి తెలియవద్దా? వినడానికి ఇది చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది. కాని ఈ ప్రశ్నకు సమయానికి జవాబు దొరకక మా బాపు చేతికి గాయం చేసినవాణ్ణి నేను. కాబట్టి దీన్ని మీ ముందు పెట్టే హక్కు నాకు కొంత ఉన్నదనుకుంటాను.

మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. పోయిన యాసంగి కోతలు అయిపోయి, వడ్లు ఎత్తినంక పొలం ఖాళీగా ఉన్న రోజులు. మన క్లాసులోనే చదివే సిరిసిల్ల మిత్రుడొకడు చిన్న డ్రోను పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. నాలుగు పంకాలు, పావు కిలో కూడా లేని బరువు. ఇద్దరం పొలానికి పోయినం. బాపు బోరు మోటారు పక్కన వేపచెట్టు కింద కూర్చొని చూస్తున్నాడు.

మొదటి పది నిమిషాలు ఎంతో హాయిగా గడిచినై. డ్రోను వెనక భాగం నా వైపు, ముఖం అవతలి వైపు. కుడికి అంటే కుడికి, ఎడమకు అంటే ఎడమకు పోయింది. ఇంతేనా ఈ విద్య అనుకున్నాను. దాన్ని వెనక్కి తిప్పి మా వైపు రప్పించడం మొదలుపెట్టగానే కథ మారింది. గాలికి అది నా కుడి చేతి వైపు, అంటే వేపచెట్టు వైపు జరగసాగింది. ఎడమకు మళ్లిద్దామని కర్రను ఎడమకు తోశాను. అది మరింత కుడికి పోయింది. భయంతో ఇంకా గట్టిగా తోశాను. ఇంకా వేగంగా పోయింది. బాపు ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పంకా తగిలి రెండు వేళ్ల నడుమ చర్మం తెగింది.

ఆయన నన్ను తిట్టలేదు. తువ్వాల చుట్టుకొని ఒక్కటే మాట అడిగిండు: “దాని దాపట ఏదో, ఎలపట ఏదో తెల్వకుండనే లేపినవారా?”

పట్నంలో పుట్టిన మిత్రుల కోసం ఈ మాటను కొంచెం వివరించాలి. నాగలికి కట్టిన జోడులో ఎడమ వైపు ఎద్దును దాపట ఎద్దనీ, కుడి వైపుదాన్ని ఎలపట ఎద్దనీ అంటారు. పుస్తకాల్లో దాపల, వలపల అని రాస్తారు. ఇందులో గమనించవలసిన విషయమొకటి ఉన్నది. చాలు చివర నాగలి మళ్లి ఇటువైపు వస్తున్నప్పుడు గట్టు మీద నిలబడి చూస్తే, దాపట ఎద్దు మన కుడి చేతి వైపు కనబడుతుంది. అయినా అది దాపట ఎద్దే. ఎందుకంటే ఆ ఎడమ చూసేవాని ఎడమ కాదు, ఎద్దుల ఎడమ. దున్నేవాడు ఎప్పుడూ ఎద్దుల వెనకనే నడుస్తాడు గనుక ఆయన ఎడమ, ఎద్దుల ఎడమ ఒక్కటే అవుతాయి. ఆయనకు తికమక లేదు. డ్రోను నడిపేవాడు మాత్రం గట్టు మీద నిలబడి నాగలి తోలుతున్నాడు. చిక్కంతా అక్కడే.

ఈ మాట మా సిరిసిల్ల మిత్రునికి చెబితే అతను ఇంకొక పోలిక తెచ్చాడు. వాళ్ల ఇంట్లో సాంచాలు నడుస్తాయి. సాంచాల్లో కుడి చేతివి, ఎడమ చేతివి అని రెండు రకాలున్నాయట. నడిపించే హ్యాండిలు కార్మికునికి ఏ చేతి వైపు ఉంటే ఆ పేరు. అంటే అక్కడ కుడి, ఎడమ నిలబడ్డ మనిషివి. సాంచా కదలదు, తిరగదు గనుక అది చెల్లుతుంది. ఎద్దుల దగ్గర కుడి, ఎడమ ఎద్దులవి. మనం డ్రోనును సాంచా అనుకొని నడుపుతాం. అది ఎద్దులా ప్రవర్తిస్తుంది. అప్పుడు ప్రమాదం జరగక ఏమవుతుంది?

ఇది డ్రోనుతో పుట్టిన సమస్య కూడా కాదు. 1898లో న్యూయార్కులో నికొలా టెస్లా తీగ లేకుండా రేడియోతో నడిచే పడవను జనానికి చూపించాడు. మనిషి ఒక చోట, యంత్రం ఒక చోట అయిన నాడే ఈ చిక్కు మొదలైంది. అంతకు ముందే ఓడల వాళ్లు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఓడ ఎడమ పక్కన ఎర్రదీపం, కుడి పక్కన పచ్చదీపం. విమానాలు కూడా అదే పద్ధతి పాటిస్తాయి. రాత్రిపూట ఆకాశంలో ఎర్రదీపం మీ కుడి వైపు, పచ్చదీపం మీ ఎడమ వైపు కనబడిందంటే ఆ విమానం మీ వైపు వస్తున్నదని అర్థం. ఎదురుగా వచ్చే ఎద్దుల లెక్కే.

మరి పగటిపూట కంటితో చూస్తే తెలియదా అని కొందరు అడుగుతారు. ఒక చిన్న లెక్క చూద్దాం. మామూలు కంటికి ఒక డిగ్రీలో 60వ వంతు కంటె చిన్న కోణం విడిగా కనబడదు. 100 మీటర్ల దూరంలో అది సుమారు 3 సెంటీమీటర్లు అవుతుంది. 30 సెంటీమీటర్ల డ్రోను ఆ దూరంలో పున్నమి చంద్రుని వెడల్పులో మూడో వంతు మాత్రమే కనబడుతుంది. దాని సన్నని చేతులు కలిసిపోతాయి. 300 మీటర్ల దూరంలో అది ఒక నల్ల చుక్క. కాకికి ముక్కున్నది, తోకున్నది. ఎటు పోతున్నదో ఎంత దూరం నుంచైనా చెప్పవచ్చు. నాలుగు పంకాల డ్రోనుకు ముందూ వెనకా ఒక్క తీరే ఉంటుంది. అందుకే అది ఎటు చూస్తున్నదో కంటితో వెతకడం కాదు, మొదటి నుంచీ మనసులో పెట్టుకొని నడపాలి.

ఈ కష్టం తప్పించడానికి కంపెనీలు “హెడ్‌లెస్ మోడ్” అనే మీట పెట్టాయి. అది నొక్కితే డ్రోను ముఖం ఎటున్నా సరే, కర్ర కుడికి తోస్తే మన కుడికే పోతుంది. ఎద్దును సాంచాగా మార్చడమన్న మాట. లేచేటప్పుడు తన ముఖం ఎటున్నదో లోపలి గైరోస్కోపు సహాయంతో గుర్తు పెట్టుకొని, ఆ లెక్క ప్రకారం అది మన ఆజ్ఞను మార్చుకుంటుంది. బాగానే ఉన్నది. కాని దేన్నన్నా గుద్దుకుంటే ఆ గుర్తు తప్పుతుంది. కొంతసేపు ఎగిరినా కొద్దికొద్దిగా జరుగుతుంది. దిక్సూచి ఉన్న డ్రోనులైతే ఇనుప రేకుల షెడ్డు దగ్గరో, కరెంటు మోటారు దగ్గరో తప్పుదారి పట్టవచ్చు. మన పొలాల్లో ఈ రెండూ లేని చోటేది? పైగా మనమే అటూ ఇటూ నడిచి వేరే వైపు తిరిగి నిలబడితే ఆ కుడి మన కుడి కాకుండా పోతుంది. ఈ మీట మీద ఆధారపడి నేర్చుకున్నవాడు అది చెడిపోయిన క్షణంలో ఏమీ నేర్చుకోనివానితో సమానం.

ఇదంతా ఆటబొమ్మ గొడవే కదా అని ఎవరైనా కొట్టివేయవచ్చు. కాదు మిత్రులారా! ఈ రోజు మన ఊర్లకు మందు కొట్టే డ్రోనులు వస్తున్నాయి. 10 లీటర్ల ట్యాంకుతో, నిండా మందు పోస్తే 25 కిలోలకు దగ్గరగా తూగే యంత్రాలవి. పది నిమిషాల లోపే ఎకరం కొడతాయి. మందు డబ్బా వీపున మోసి, ఆ మందు పీల్చిన రైతుల బిడ్డలం మనం. ఆ బాధ తప్పితే సంతోషించేవాళ్లలో నేను మొదటివాణ్ణి. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోనులు ఇవ్వాలని తలపెట్టింది. ఎన్నికైన మహిళకు 15 రోజుల శిక్షణ. అందులో డ్రోను నడపడానికి 5 రోజులు, వ్యవసాయపు పనికి 10 రోజులు. మన అక్కలు, చెల్లెళ్లు రిమోటు పట్టడం మెచ్చుకోదగిన విషయం. కాని ఐదు రోజుల్లో నేర్చింది చేతికి పట్టేదాకా ఎంత అభ్యాసం కావాలో ఆలోచించండి. మా బాపు కూడా ఐదు రోజుల్లో నాగలి పట్టడం నేర్చుకొని ఉంటాడు. సాలు వంకర పోకుండా దున్నడానికి మాత్రం ఏండ్లు పట్టింది.

మందు కొట్టే డ్రోను తనంతట తానే గీసిన దారిలో పోతుంది కదా, ఇక మనిషికి కుడి ఎడమల బాధ దేనికి అని సైన్సు బాగా చదివిన మిత్రులే వాదిస్తారు. వాళ్ల వాదంలో సగం నిజం ఉన్నది. పొలమంతా సమానంగా కొట్టడంలో యంత్రమే మనిషికన్నా మేలు. కాని మోటారుకు లాగిన సర్వీసు వైరు మ్యాపులో కనబడుతుందా? గట్టు మీద సద్ది పట్టుకొని వచ్చే అవ్వ మ్యాపులో ఉంటుందా? ఆ క్షణంలో నడిపేవాడు యంత్రం చేతిలోంచి పగ్గాలు తన చేతిలోకి తీసుకోవాలి. అప్పుడు డ్రోను ముఖం తన వైపే ఉంటే? నా చేతిలో పావు కిలో ఉన్నది గనుక రెండు వేళ్ల నడుమ చర్మంతో పోయింది. అదే పాతిక కిలోలైతే ఈ వ్యాసం రాసే ముఖం నాకు ఉండేది కాదు. మనిషి సంగతి అటుంచినా, గడ్డిమందు పక్కవాని పసుపు చేను మీద పడితే ఆ రెండిండ్ల మధ్య పగ ఎన్నేండ్లు నడుస్తుందో ఊర్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర లేదు.

అందుకని నా అభిప్రాయం ఇది. పెద్ద డ్రోను ముట్టేముందు ప్రతివాడూ చిన్న డ్రోను మీద, హెడ్‌లెస్ మీట నొక్కకుండా, దాపట ఎలపట నేర్చుకొని తీరాలి. ఆ తర్వాత ఆరు నెలలు నేను నేర్చుకున్న క్రమం కూడా చెప్తాను. మొదట డ్రోను తోక మన వైపు పెట్టి, కంటి ఎత్తున, నాలుగైదు మీటర్ల దూరంలో ఒక్క చోటనే కదలకుండా నిలపాలి. అది కుదిరినాక దాని ఎడమ పక్క మన వైపు పెట్టి నిలపాలి, తర్వాత కుడి పక్క. అన్నిటికంటె చివర దాని ముఖం మన వైపు పెట్టి నిలపాలి. అప్పుడు ఒక సూత్రం పనికొస్తుంది: అది ఏ పక్కకు ఒరుగుతున్నదో కర్రను కూడా ఆ పక్కకే తొయ్యాలి. పడబోయే పందిరికి ఒరిగిన వైపు గుంజ పెట్టినట్టు. చివరకు రెండు వైపులా ఎనిమిది అంకె తిప్పగలగాలి. ముందు చేతులకు రంగు టేపు చుట్టుకుంటే మేలు. ఒకవేళ దిక్కు మరిచిపోతే కంగారుపడి పక్కలకు తోయవద్దు. చుట్టూ మనుషులు లేరని చూసుకొని కొద్దిగా ముందుకు తోస్తే, అది ఎటు కదిలితే ముఖం అటున్నట్టు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి. 2 కిలోల దాకా మైక్రో. వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే మైక్రో తరగతికి కూడా పైలటు సర్టిఫికెట్టు అక్కరలేదు. మందు కొట్టేవి స్మాల్ తరగతిలోకి వస్తాయి. వాటికి సర్టిఫికెట్టు తప్పనిసరి. జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ కళాశాల ఉన్నది, నాచుపల్లిలో ఇంజనీరింగు కాలేజి ఉన్నది, సిరిసిల్లలో ఇంకొక వ్యవసాయ కళాశాల ఉన్నది. మన యూనియను ఏటా ఆటల పోటీలు పెడుతుంది. ఈసారి ఈ కాలేజీలన్నిటినీ పిలిచి మన గ్రౌండులో ఒక పోటీ ఎందుకు పెట్టకూడదు? వేగానికి కాదు, ఎత్తుకు కాదు. ముఖం మన వైపు ఉన్న డ్రోనును రెండు నిమిషాలు గీసిన గిరిలో నిలిపినవాడే గెలిచినట్టు. లెక్చరర్లు దీన్ని ఫిజిక్సు ప్రాక్టికల్సులో చేర్చినా నాకు అభ్యంతరం లేదు.

బాపు చేతి గాయం పది రోజులకు మానింది. మొన్న దసరాకు మళ్లీ పొలంలో డ్రోను లేపాను. దాని ముఖం నా వైపు తిప్పి నిలిపి చూపించాను. బాపు ఈసారి చెట్టు కింద కూర్చోలేదు, వచ్చి నా వెనక నిలబడ్డడు. కొంతసేపు చూసి, “ఇప్పుడు దాని దాపట ఏది?” అని అడిగిండు. నేను నా కుడి చేతి వైపు చూపించాను. “ఇగ నడుపు” అన్నడు.

ఆ ఒక్క ప్రశ్న అడిగి, సరైన జవాబు విన్నాకనే ఎవరి చేతికైనా రిమోటు ఇయ్యాలె. రెక్కలు సైన్సు ఇచ్చింది. దాపట, ఎలపట మాత్రం మనమే నేర్చుకోవాలి.