కంచ గచ్చిబౌలి: సుప్రీంకోర్టు చెప్పిన దేమి?

2025 ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు కంచ గచ్చిబౌలి విషయమున కలుగజేసికొన్నంతనే, భూమి విశ్వవిద్యాలయమునకు దక్కినదని కొందరును, ప్రభుత్వమునకు హక్కు పోయినదని కొందరును తలచిరి. ఉభయులును పొరబడిరి. ఆనాటి ఉత్తరువులో ఆ రెండు మాటలును లేవు.

హైటెక్ సిటీకి చేరువను, హైదరాబాదు విశ్వవిద్యాలయపు ప్రక్కను ఉన్న 400 ఎకరములలో, వరుస సెలవులు చూచుకొని యంత్రములు దిగి చెట్లను కూల్చుచున్నవని కోర్టుకు సహాయకుడుగ నియమితుడైన న్యాయవాది విన్నవించెను. న్యాయమూర్తులు గవాయి, మసీహ్ గారలు తమంత తామే విషయమును చేపట్టి, తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారును అప్పటికప్పుడు స్థలమునకు పంపి, మధ్యాహ్నము 3.30 గంటలకెల్ల నివేదిక కోరిరి. సుమారు 100 ఎకరములు ధ్వంసమైనవనియు, నెమళ్లు, జింకలు కానవచ్చినవనియు అందుండెను. నరకుట ఆపవలెననియు, ఆపనిచో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శియే స్వయముగ బాధ్యుడనియు ఆజ్ఞ వెలువడెను. వాయిదాలకు అలవాటుపడిన మనకిది వింతయే!

ఇది న్యాయమూర్తుల ఆవేశఫలము కాదు. గోదావర్మన్ తిరుముల్పాడ్ వ్యాజ్యములో 1996 డిసెంబరు 12న వెలువడిన ఉత్తరువు దీనికి మూలము. అడవి యను పదమునకు నిఘంటువు చెప్పు అర్థమునే గ్రహింపవలెననియు, నేల ఎవరిదైనను కేంద్రానుమతి లేక అన్యకార్యములకు వాడరాదనియు నాడు నిర్ణయమయ్యెను. ఆ వ్యాజ్యము నేటికిని మూయబడలేదు.

2004లో ఒక క్రీడాసంస్థకు ఇచ్చి 2006లో రద్దుపరచిన ఈ భూమిపై ప్రభుత్వము 2024లో వ్యాజ్యమును గెలిచినమాట నిజమే. కాని నేల నాదనుట వేరు, చెట్టు నరకుట వేరు. అనుమతులు పొందితిరా యని కోర్టు అడిగిన ప్రశ్నను, యంత్రములు దింపుటకు ముందే ప్రభుత్వము తన్ను తాను అడుగుకొనవలసినది. హైకోర్టులోని విచారణను తాము ఆపలేదని సుప్రీంకోర్టు స్పష్టముగనే పలికినది. ఈ మాటను మాత్రము ఎవ్వరును పట్టించుకొనలేదు.

పట్టించుకొనకపోవుట జనుల దోషము మాత్రమే కాదు. రాజ్యాంగపు 348వ అధికరణము ననుసరించి సుప్రీంకోర్టు వ్యవహారమెల్ల ఆంగ్లమున జరుగును. కొన్ని తీర్పులకు తెనుగు అనువాదములు నేడు లభించుచున్నవి, సంతోషము. కాని వెలువడిన నాడే జనుల బ్రదుకులను తాకు ఉత్తరువు నాడే తెనుగున కావలయును. ప్రభుత్వము ఆ పని చేయువరకు, పఠనమందిరములవారు స్థానిక న్యాయవాదులను పిలిచి, వారమునకొక ఉత్తరువును చదివించి అర్థము చెప్పించుట అసాధ్యమా? దీనితోనే మొదలిడవచ్చును, కొలది పుటలే.