తారిణి పోయిన దారి



పోయిన నెల ఈ పుటలో చింతపండు పురుగుపట్టకుండ నిలువచేయు విధమును వ్రాసితిని. ఈ నెల వడియములను గూర్చి వ్రాయుదునని మాట యిచ్చితిని గాని, కాగితము ముందిడుకొని కూర్చుండగా మనసు వడియములమీద నిలువలేదు. మా దేవుని గూటిలో కుంకుమభరిణె క్రింద పదునైదు దినములుగా నొక కాగితము పడియున్నది. దానిమీద తల్లియో తండ్రియో వ్రాలు చేయవలెను. పండ్రెండేండ్ల మా రెండవ అమ్మాయి హుస్సేనుసాగరమున తెరచాప పడవ నడుపుట నేర్చుకొందునని పట్టుబట్టియున్నది. మా వారు బడిపంతులు. పిల్లలు నేర్చుకొందుమన్నదానిని కాదనుట ఎరుగరు. అయినను ఈ కాగితమును మాత్రము నా చేతికిచ్చి, "ఇది నీవు చేయవలసిన వ్రాలు" అని ఊరకుండిరి.

వారట్లనుటకు కారణము గలదు. నాకు తొమ్మిదవ యేడు నడచుచుండగా, ఆరేండ్ల నా తమ్ముడు మా ఊరి చెరువులో మునిగి పోయినాడు. ఆ మధ్యాహ్నము వానిని కనిపెట్టియుండుమని అమ్మ నాకు చెప్పియుండెను. నేను అరుగుమీద కూర్చుండి అమరకోశము వల్లెవేయుచుంటిని. వాడెప్పుడు లేచిపోయెనో చూడలేదు. నన్నెవ్వరును ఒక్కమాట అనలేదు. అమ్మ మాత్రము ఆనాటినుండి చెరువుకట్టమీదుగా గుడికి పోవుట మాని, పొలములచుట్టు తిరిగి పోయెడిది. నాకు ఈత రాదు. మల్కాజ్‌గిరికి కాపురమునకు వచ్చి పదునారేండ్లైనను, సఫిల్‌గూడ చెరువుకట్టమీద సాయంకాలము నడచునప్పుడు పిల్లలను నీటివైపు నడువనీయను. కట్టమైసమ్మకు దండము పెట్టుకొని గబగబ ఇంటికి మరలుదును.

ఇట్టి యింట ఈ కోరిక ఎట్లు మొలచినదనగా, బడిలో పిల్లలకు "తారిణి" అను చిత్రమును చూపిరట. మన నౌకాదళపు స్త్రీలు ఆరుగురు తెరచాప పడవలో భూమిని చుట్టివచ్చిన కథను నేషనల్ జియోగ్రాఫిక్ వారు 2019లో చిత్రముగా తీసిరి. అమ్మాయి పోరు పడలేక ఇంటిల్లిపాదియు దానిని చూచితిమి. అది మొదలు మా యింట వేరొక మాట లేదు. నేను వారి యానమును గూర్చి దొరికినదెల్ల చదివితిని. భయపడువారు ఎక్కువగా చదువుదురు గాబోలు.

పడవ పేరు ఐ.ఎన్.ఎస్.వి. తారిణి. గంజాము జిల్లాలో ఋషికుల్యానది గట్టున కొండమీద వెలసిన తారాతారిణి పేరు దానికి పెట్టిరి. దాటించునది తారిణి. అమరములో ఓడకు తరణి, తరి అను పేళ్ళున్నవి. వానిని తలచినప్పుడు నాకు గొంతు పట్టుకొనును, కాన ఆ మాట ఇంతటితో విడిచెదను.

పడవ పొడవు 55 అడుగులు. మా వీధితలుపునుండి పెరటి గోడవరకు మా వారు అడుగులు వేసి కొలువగా నలుబది రెండు వచ్చినది. అనగా మా యింటికంటె కొంచెము పొడవు. వెడల్పు పదునారడుగులు. తెరచాపలు మోయు స్తంభము మాత్రము 25 మీటర్లు. ఎనిమిది అంతస్తుల మేడయంత. చెక్కయెదకు ఇరుప్రక్కల గాజునారతో పొరలు వేసి గోవాలో కట్టిరి. 2017 ఫిబ్రవరిలో నౌకాదళమునకు అప్పగించిరి. "చెక్కయే కానక్కరలేదు నాయనమ్మా, సిమెంటుతోను ఓడలు కట్టుదురు" అని అమ్మాయి అనగా మా అత్తగారు నమ్మలేదు. అది నిజమే. ఫ్రాన్సులో లాంబో అనునతడు 1848లో ఇనుపతీగల అల్లికపై సిమెంటు మెత్తి పడవ చేసినాడు. ఇత్తడిబిందె నీటిపై తేలుటకును, సిమెంటు పడవ తేలుటకును కారణమొక్కటే: తన బరువంత నీటిని ప్రక్కకు త్రోయగల బోలు దాని కడుపులో నుండవలెను.

మరి అంత స్తంభమునకు గాలి తగిలిన పడవ బోర్లపడదా యని నేనడిగితిని. అడుగున నీటిలో బరువైన రెక్క యొకటి వ్రేలాడుచుండును. తంజావూరు బొమ్మను ఎంత వంచినను అడుగుబరువుచేత మరల లేచునట్లు, పడవయు లేచును. ఇది విన్న తరువాత నాకు కొంత ఊపిరి వచ్చినది.

ఇక ఆ ఆరుగురు. నాయకురాలు వర్తికా జోషి ఋషీకేశమునుండి, ప్రతిభా జామ్వాల్ కులూ లోయనుండి, పాయల్ గుప్తా దెహరాదూనునుండి, విజయాదేవి మణిపురమునుండి, పాతర్లపల్లి స్వాతి విశాఖపట్టణమునుండి, బొడ్డపాటి ఐశ్వర్య మన హైదరాబాదునుండి. చూచితిరా? ఆరుగురిలో సముద్రపుటొడ్డు ఊరునుండి వచ్చినది స్వాతి యొక్కతెయే. తక్కినవారు కొండలవారును, మనబోటి మెట్టనేలవారును. వీరు అంతకుముందే మ్హాదేయి అను పడవమీద కెప్టెన్ దిలీప్ దొందే గారివద్ద శిక్షణ పొందిరి. 2009-10లో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి భారతీయుడాయన.

ఆడువారము గనుక వారి యానమును పండుగలతో లెక్కించి చూచితిని. హేవిళంబి భాద్రపద బహుళమున, 2017 సెప్టెంబరు 10న, గోవానుండి బయలుదేరిరి. "పితృపక్షమున ప్రయాణమా!" అని మా అత్తగారు బుగ్గ నొక్కుకొనిరి. రక్షణమంత్రిణిగా జెండా ఊపినవారు నరసాపురపు కోడలైన నిర్మలా సీతారామన్ గారు. మనము బతుకమ్మ పేర్చుకొనునాటికి వారు హిందూమహాసముద్రమున దక్షిణముగా పోవుచుండిరి. దీపావళి నీటిమీదనే గడిచినది. నాలుగైదు దినములకు ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ చేరిరి. అచటినుండి న్యూజిలాండులోని లిట్టెల్టన్.

అటుపిమ్మట పసిఫిక్ మహాసముద్రము. డిసెంబరు నడుమ లిట్టెల్టన్ విడిచినవారు 41 దినములవరకు మరియొక రేవు త్రొక్కలేదు. ఈ మధ్యలో తేదీ మారు రేఖ గలదు. తూర్పుగా పోవువారికి ఆ రేఖ దాటగానే ఒకే తేదీ రెండుమార్లు వచ్చును. "ఆనాడు ఏకాదశియైనచో రెండుపూటలు... కాదు, రెండు దినములు ఉపవాసమా?" అని మా అత్తగారి సందేహము. తిథి చంద్రునిబట్టి నడచును, తేదీని లెక్కచేయదు, కావున ఒక్కటియే చాలునని మా వారు తీర్పు చెప్పిరి.

ఆ సముద్రపు దక్షిణభాగమున గాలికి అడ్డుపడు నేల లేదు. భూమిచుట్టును గాలి అలలను తరుముకొనుచు పోవును. అచట గాలి గంటకు నూరు కిలోమీటర్లు మించి వీచినది; అలలు ఏడెనిమిది మీటర్లు లేచినవి. చిత్రములో ఆ భాగము వచ్చినప్పుడు నేను లేచి వంటయింటికి పోయితిని. పాలు పొంగినవని చెప్పితిని, పాలు పొంగలేదు. కొంతసేపటికి తలుపుచాటున నిలిచి చూచితిని. ఒకతె చుక్కాని పట్టియున్నది, ఇంకొకతె తాళ్ళు సవరించుచున్నది, వారి నడుములకు కట్టిన త్రాళ్ళు పడవకు తగిలించియున్నవి. నా కన్ను ఆ త్రాళ్ళనే అంటిపెట్టుకొన్నది. వారిలో ఎవరును సముద్రమును నమ్మి అందు దిగలేదు. ముడిని నమ్మి దిగిరి. రేయింబవళ్ళు వంతులు వేసికొని కావలియుండిరి. ఒకరు నిద్రించునప్పుడు ఒకరి కన్ను తెరచియున్నది.

మనము సంక్రాంతి ముగ్గులు వేసికొని, భోగిపండ్లు పోసికొన్న దినములలో వారు ఆ చలిలో నుండిరి. పండుగ వెళ్ళిన కొలది దినములకే దక్షిణ అమెరికా కొననున్న హార్న్ అగ్రమును దాటి మువ్వన్నెల జెండా ఎత్తిరి. ఎన్నో ఓడలను మ్రింగిన తావది. జనవరి చివరివారమునకు ముందే ఫాక్లాండు దీవులలోని పోర్ట్ స్టాన్లీ చేరిరి.

మా అత్తగారికి అలలకంటె వేరొకటి వింతగా తోచినది. "ఆరుగురు ఆడువారు ఒక్క వంటయింట నలుబది యొక్క దినములు, బయటికి పోవ తావు లేక, తగవులాడక ఉండిరా?" అనిరి. నవ్వితిమి గాని, ఆలోచింపగా ఆమె అడిగినదే అసలు ప్రశ్న. మంచినీరు కొలుచుకొనవలెను. ఒరిగిన పొయ్యిమీద వండవలెను. తడిసిన బట్ట ఆరదు. ఒకతె అలిగి మూల కూర్చున్నచో తక్కినవారి నిద్ర పోవును. దీనిని పురుషులు సాహసమందురు. నలుగురు తోడికోడండ్లున్న యింట కాపురము చేసినవారికి దానిలో సగము తెలిసిన పనియే.

ఆఫ్రికాలోని కేప్ టౌనునుండి మార్చి 14న బయలుదేరిరి గనుక విళంబి ఉగాది పచ్చడియు వారికి నీటిమీదనే. ఏప్రిలులో చుక్కాని నడుపు యంత్రము చెడగా, తలంపులో లేని మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవుకు చేరి బాగుచేయించుకొనిరి. ఆ రేవు తెలుగువారికి కొత్తది కాదు. 1830ల నాటినుండి కోరంగి రేవున ఓడలెక్కి చెరకుతోటల పనికి పోయిన మనవారు అచటనే దిగిరి. కోరంగినుండి వచ్చినవారు గనుక వారికి ఆ దీవిలో కోరంగీలనియే పేరు వచ్చినది. నేటికిని అచట ఉగాదికి సెలవు. చంకన బిడ్డలతో ఆ ఓడలెక్కిన తల్లులకు వ్రాలు చేయుమని కాగితమిచ్చినవారెవరు? ఇచ్చినను వారిలో చదువగలిగిన వారెందరు?

సముద్రయానము మనకు నిషిద్ధమని అత్తగారు ఒకమారు అనగా, మా వారు ఓరుగల్లు గణపతిదేవుని మోటుపల్లి శాసనమును జ్ఞప్తిచేసిరి. తుపానుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు కైవసము చేసికొను ఆచారమును మాని, సుంకము మాత్రమే తీసికొందునని 1244లో ఆయన వర్తకులకు అభయమిచ్చెను. ఆయన కూతురే రుద్రమదేవి. అత్తగారు మారు పలుకలేదు, ఒప్పుకొన్నట్లును తోచలేదు.

తారిణి 2018 మే 21న, అధిక జ్యేష్ఠమున, గోవా చేరెను. మొత్తము 254 దినములు, అందు 199 నీటిమీద. పోయిన దూరము 21,600 సముద్రపు మైళ్ళు. వృత్తమునకు 360 భాగములు, భాగమునకు 60 కలలు, గుణించిన 21,600. మనుష్యుడు అహోరాత్రమున విడుచు శ్వాసలును అన్నియేయని మన పెద్దలు చెప్పుదురు. ఈ లెక్క కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషమును మీకు చెప్పక ఉండలేకపోతిని. అదే పడవను 2024 అక్టోబరులో గోవానుండి మరల తీసికొనిపోయినవారు ఇద్దరే స్త్రీలు, దిల్నా, రూపా అను అధికారిణులు; 2025 మే 29న తిరిగివచ్చిరి.

ఇంతయు చదివినను కాగితము గూటిలోనే యున్నది. హుస్సేనుసాగరము సముద్రము కాదు. పిల్లల కిచ్చునది ఎనిమిదడుగులైన లేని చిన్న పడవ, ఒక్క తెరచాప, తేలుచొక్కా తప్పనిసరి. చెరువులో పోయినవాడును సముద్రములో పోలేదని మనసు చెప్పుచుండెను. ఒకనాడు నేర్పువారి వద్దకు నేనే పోయి, మొదట ఏమి నేర్పుదురని అడిగితిని. "పడవను కావలెనని బోర్లవేయించుదుమమ్మా. దానిని తిరుగవేసి ఎక్కుట వచ్చిన తరువాతనే తెరచాప" అనిరి. మునుగుటతో మొదలుపెట్టు విద్యను నేనెన్నడును వినియుండలేదు. ఇంటికి వచ్చి, ఆరేండ్ల నా తమ్మునికి ఆ విద్య ఎవరైన చెప్పియున్నచో అని చాలసేపు కూర్చుంటిని.

ఆ రాత్రి అమ్మాయిని పిలిచి తమ్ముని సంగతి చెప్పితిని. ఇన్నేండ్లు చెప్పలేదు. అది అంతయు విని, "అమ్మా, నీవప్పుడు తొమ్మిదేండ్లదానవు గదా" అనినది. అంతకుమించి ఏమియు అనలేదు. ముందు ఈత పూర్తిగా రావలెనని నియమము పెట్టి, వ్రాలు చేసితిని. ఈత రెండు నెలలు పట్టినది.

పోయిన ఆదివారము వేకువనే లేచి, పులిహోర కట్టుకొని, సికిందరాబాదు మీదుగా సాగరపు గట్టుకు పోయితిమి. మబ్బుపట్టి గాలి యుండెను. మా వారు నీటిదాపునకు పోయిరి; నేను మెట్లకు పైన కూర్చుంటిని. పిల్లల పడవలు వరుసగా బయలుదేరినవి. దూరమునకు పోయినకొలది తెరచాపలన్నియు తెల్లగా ఒక్కతీరున కనబడెను. పదునాలుగు లెక్కించితిని. అందు మా దానిదేదో తెలియలేదు.